"95 శాతం తక్కువ హాని" ఎవరికి?

ఒక తల్లి:
పదహారేళ్ల మా అబ్బాయి కంప్యూటర్‌కు ఏదో గుచ్చి ఉంటే పెన్‌డ్రైవ్ అనుకున్నాను. రెండు వారాలు దాని మీది దుమ్ము కూడా నేనే తుడిచాను. అది ఈ-సిగరెట్ అని మొన్న తెలిసింది. నిలదీస్తే, "సిగరెట్ కన్నా 95 శాతం తక్కువ హాని అని ఇంగ్లండ్ ప్రభుత్వ సంస్థే చెప్పింది" అన్నాడు. వాడు సిగరెట్ ఎన్నడూ ముట్టలేదు. ఆ మాట నిజమేనా?

మానేసినవాడు:
నిజమే. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ 2015లో ఆ అంచనా ఇచ్చింది. ఇరవై రెండేళ్లు సిగరెట్లు కాల్చి, ఈ పరికరం పుణ్యమా అని బయటపడ్డాను నేను. సిగరెట్ మానాలనుకునేవారిపై జరిపి 2019లో వెలువరించిన ఒక బ్రిటిష్ పరీక్షలో 886 మంది పాల్గొన్నారు. ఏడాది తరువాత సిగరెట్‌కు దూరంగా ఉన్నవారు ఈ-సిగరెట్ బృందంలో 18 శాతం. నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్ వంటివి వాడిన బృందంలో 9.9 శాతమే. ఇక 2019లో అమెరికాను హడలగొట్టి 68 మందిని బలిగొన్న, ఈ పరికరాలతో ముడిపెట్టిన ఊపిరితిత్తుల జబ్బు అంటారా, అందులో ప్రధాన దోషి గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఈ అసిటేట్. అమ్మగారూ, కంగారుపడి పిల్లవాడిని దొంగను చేయకండి.

గాజుకుప్పె:
మానేసినవాడు గారూ, మీ లెక్క తప్పనను. ఒక అంకె మాత్రం వదిలేశారు. అదే పరీక్షలో ఈ-సిగరెట్‌తో మానినవారిలో 80 శాతం మంది ఏడాది తరువాత కూడా దాన్ని పీలుస్తూనే ఉన్నారు. తారు, కార్బన్ మోనాక్సైడ్ వదిలాయి కనుక మీకు లాభమే. ఆ అబ్బాయికి వదలడానికి ఏముంది? వాడు పోల్చుకోవలసింది సిగరెట్‌తో కాదు, మామూలు గాలితో. పైగా ఆ 95 ప్రయోగశాలలో కొలిచినదీ కాదు, నిపుణులు కూర్చుని వేసిన అంచనా.

వచ్చేది నీటి ఆవిరి అనుకుంటారు చాలామంది. అది నికోటిన్, రుచులు, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ కలిసిన సన్నని తుంపర. ద్రవాన్ని కాచే తీగచుట్ట మరీ వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. నికెల్, క్రోమియం కూడా అందులోకి చేరుతాయి. నా భయం వీటి గురించి కాదు. పాత ద్రవాల్లో నికోటిన్ పెంచితే గొంతు మండేది. కొత్తవాడు దగ్గి అక్కడే ఆపేసేవాడు. బెంజోయిక్ ఆమ్లంతో నికోటిన్ లవణం చేశాక ఆ కాపలా పోయింది. జూల్ అనే ఈ-సిగరెట్ కంపెనీ అమెరికాలో మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల నికోటిన్‌తో అమ్మింది; ఐరోపా సమాఖ్య పరిమితి 20. పాతికేళ్ల దాకా ఎదిగే మెదడుకు అది అలవాటైతే వదిలించడం కష్టం.

రెండో బెంచీ:
నాకు పంతొమ్మిది. వేప్, అదే ఈ-సిగరెట్, పట్టేవాళ్లు ఎలాగూ సిగరెట్ కాల్చే రకమేనండీ. ఇది తీసేస్తే అది పట్టుకుంటారు.

గాజుకుప్పె:
కొందరి విషయంలో ఒప్పుకుంటాను. వేపింగ్ చేసే పిల్లలు తరువాత సిగరెట్ మొదలుపెట్టడం ఎక్కువే కానీ, కారణం వేపింగా, వాళ్ల తెగువా అన్నది వాదనలోనే ఉంది. అయితే 2019లో అమెరికా హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం మంది గడిచిన నెలలో ఈ-సిగరెట్ వాడామన్నారు. సిగరెట్ కాల్చామన్నవారు 5.8 శాతం. మిగతావాళ్లంతా ఏ రకం బాబూ?

రెండో బెంచీ:
సరే, దానికి నా దగ్గర జవాబు లేదు. మొన్న పరీక్ష రోజు నా దాంట్లో బ్యాటరీ అయిపోయింది. మొదటి ప్రశ్న నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. చెయ్యి ఊరికే జేబులోకి పోతోంది.

ఒక తల్లి:
నిన్న రాత్రి ఛార్జరు దాచేశాను.

మానేసినవాడు:
దాచితే ఇంకొకటి తెచ్చుకుంటాడమ్మా. కోప్పడకుండా ఒక్కటే అడగండి, పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిసారి పీలుస్తున్నాడో. నన్ను డాక్టరు మొట్టమొదట అడిగింది అదే.

ఒక తల్లి:
అడిగాను. చాలాసేపు ఫోను వైపే చూస్తూ కూర్చున్నాడు. "మంచం దిగకముందే" అన్నాడు.