మైనస్ 10 డిగ్రీల చలిలో కెమెరా ఆగిపోతోంది, లోపలికి తెస్తే ఆవిరి పడుతోంది

మంచుబాట:
మిర్రర్‌లెస్ కెమెరా. మైనస్ 10 దగ్గర ఆరుబయట మూడు గంటలు వాడాలి. అరగంటకే బ్యాటరీ 60 శాతం నుంచి ఒక్కసారిగా పడిపోయి కెమెరా ఆగిపోతోంది. గదిలో కాసేపు ఉంచితే అదే బ్యాటరీ మళ్లీ 50 చూపిస్తోంది. పాడైనట్టా? లోపలికి తేగానే లెన్స్ మీద, వ్యూఫైండర్‌లో ఆవిరి కమ్ముతోంది. దీనికి దారేంటి?

నిదానం:
బ్యాటరీకి ఏమీ కాలేదండి. చలికి లిథియం అయాన్ సెల్ లోపలి నిరోధం పెరుగుతుంది. ఛార్జ్ అలాగే ఉంటుంది, కానీ ఫోకస్ మోటారు తిరిగినప్పుడు, షట్టర్ పడినప్పుడు కరెంటు ఎక్కువ లాగేసరికి వోల్టేజీ కుంగిపోతుంది. కెమెరా దాన్ని చూసి ఖాళీ అనుకుని ఆగిపోతుంది. వెచ్చబడితే మళ్లీ లేస్తుంది.

కనీసం మూడు బ్యాటరీలు పెట్టుకోండి. ఒకటి కెమెరాలో, రెండు లోపలి చొక్కా జేబులో, ఒంటి వేడి తగిలేలా. పైకోటు జేబులో పెడితే పెట్టనట్టే. ప్లాస్టిక్ మూతలు తప్పనిసరి, తాళంచెవి తగిలితే షార్ట్ అవుతుంది. సగానికి పడగానే మార్చేసి, చల్లబడినదాన్ని జేబులో వేయండి, తర్వాత మళ్లీ పనికొస్తుంది. వైఫై, జీపీఎస్, తీసిన ఫొటో తెరమీద చూపించే ఆప్షన్ ఆపేయండి.

చల్లగా ఉన్న బ్యాటరీని మాత్రం తెచ్చీ తేగానే ఛార్జర్‌లో పెట్టొద్దు. సున్నా కంటే చల్లని సెల్‌కి ఛార్జ్ ఎక్కిస్తే లిథియం సెల్ లోపలి గ్రాఫైట్ పొరలోకి దిగకుండా పైన లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం పూడదు.

తేమలెక్క:
ఆవిరి సంగతి. గది 22 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం అనుకుంటే, సుమారు 11 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. మీ కెమెరా మైనస్ 10లో ఉంది, ఇక చెప్పేదేముంది. పైన పడింది తుడవొచ్చు, మౌంట్ (లెన్స్ కెమెరాకి బిగే చోటు) లోపలికీ లెన్స్ గాజుల మధ్యకీ చేరినదే ప్రమాదం.

బయట ఉండగానే మెమరీ కార్డు, బ్యాటరీ తీసేయండి. ఫొటోలు చూసుకోవాలనే తొందరలోనే చాలామంది సంచి ముందుగా తెరిచేస్తారు. పొడి బ్రష్‌తో మంచు దులిపి, జిప్ ఉన్న మందపాటి ప్లాస్టిక్ సంచిలో కెమెరా పెట్టి, గాలంతా నొక్కేసి మూయండి. అప్పుడు లోపలికి తెండి. ఆవిరి సంచి మీద పడుతుంది, కెమెరా మీద కాదు. రెండు మూడు గంటలు ఆగండి, పెద్ద టెలీ లెన్స్ అయితే ఇంకా ఎక్కువ. హీటర్ పక్కన పెట్టొద్దు, హెయిర్ డ్రయర్ అసలొద్దు.

మంచుబాట:
షాట్‌కీ షాట్‌కీ మధ్య కెమెరాని కోటు లోపల దాచుకుంటే? చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లు లెన్స్‌కి కట్టొచ్చా?

తేమలెక్క:
కోటులో వద్దు. ఒంటి చెమట తేమ కెమెరాకి పడుతుంది, బయటికి తీయగానే అదే గడ్డకడుతుంది. కెమెరాని చల్లగానే ఉండనివ్వండి, వెచ్చగా ఉండాల్సింది బ్యాటరీలే. రాత్రి ట్రైపాడ్ మీద చుక్కల ఫొటోలకైతే లెన్స్ ముందుభాగం కింద ప్యాకెట్‌ని రబ్బరు బ్యాండుతో కట్టొచ్చు, పొగమంచు పట్టదు. అది గాలిలోని ఆక్సిజన్‌తో ఇనుప పొడి కలిసి వేడెక్కే రకమైతే బిగుతుగా మూసిన సంచిలో పనిచేయదు.

గాజు మీద మంచురేణువు పడితే నోటితో ఊదకండి. ఊపిరి తడి క్షణంలో గడ్డకట్టి పొరలా అతుక్కుంటుంది. రబ్బరు బ్లోయర్ వాడండి. వ్యూఫైండర్‌లో చూసేటప్పుడు కూడా ఊపిరి పక్కకి వదలండి.

నిదానం:
మంచు మీద తీస్తున్నారు కాబట్టి ఒక్కమాట: కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ తెల్లదనాన్ని బూడిదరంగు అనుకుని ఫొటో చీకటి చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 1తో మొదలుపెట్టి హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎడమన, వెలుగు కుడిన చూపే గ్రాఫ్) చూస్తూ ప్లస్ 2 దాకా వెళ్లండి, గ్రాఫ్ కుడి అంచుకి కొట్టుకోకూడదు. తెర మీద బొమ్మ నెమ్మదిగా కదిలితే కంగారొద్దు, ఎల్‌సీడీ చలికి మందగిస్తుంది, వెచ్చబడితే మామూలైపోతుంది. ఫ్లాష్‌లో ఆల్కలైన్ సెల్స్ బదులు ఒకసారి వాడి పారేసే లిథియం ఏఏ సెల్స్ వేయండి, అవి మైనస్ 40 దాకా పనిచేసేలా చేసినవి. లోతు మంచులో ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా విప్పి గుచ్చకండి. కిందికి దిగేకొద్దీ కాళ్లు బయటికి విచ్చుకుని పైన కీలు విరుగుతుంది. కొంచెం దగ్గరగా పెట్టి దింపండి.