కాస్మోస్ 482 పడే టైం ఒక్కొక్కరు ఒక్కోలా ఎందుకు చెప్పారు?

సూళ్ళూరుపేట_చుక్కలు: సోవియట్ వాళ్ళు 1972లో శుక్రుడి మీదికని పంపితే భూమి చుట్టూనే ఇరుక్కుపోయింది కదా కాస్మోస్ 482, అది 2025 మే 10న పడేముందు వారమంతా నేను ట్రాకింగ్ సైట్లు తిరగేస్తూనే ఉన్నా, ఒకడు పొద్దున అంటాడు ఇంకొకడు మధ్యాహ్నం అంటాడు, పైగా ప్లస్సు మైనస్సు ఇన్ని గంటలని. గ్రహణం నిమిషాలతో సహా పంచాంగంలో ముందే వేస్తారు, అర టన్ను ముద్ద ఎప్పుడు పడుద్దో చెప్పలేరా? మ్యాప్‌లో గీత మన మీంచే పోతోందని వాట్సాప్‌లో ఒకటే గోల అప్పుడు.

టీఎల్ఈ_పిచ్చోడు: చంద్రుడికి గాలి అడ్డం రాదు బ్రో, దీనికి వస్తది, అదే తంటా. సూర్యుడు కొంచెం రెచ్చిపోతే పైన గాలి ఉబ్బుద్ది, డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం, పెరుగుద్ది. 2022 ఫిబ్రవరిలో స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాలు 49 పంపితే సౌర తుఫాను దెబ్బకి చాలావరకు కక్ష్య ఎక్కకుండానే రాలిపోయినయ్. ఇదైతే గుండు కాబట్టి నయం, పాత రాకెట్ స్టేజి అయితే పల్టీలు కొడుతూ ఒక్కోసారి ఒక్కోలా గాలికి తగుల్తది. మేం వాడే మోటు లెక్క ఏంటంటే మిగిలిన టైంలో 20 శాతం అటూ ఇటూ, అంటే ఇంకా 10 గంటలుంటే 2 గంటలు ముందూ 2 గంటలు వెనకా, ఆ 4 గంటల్లో అది భూమిని రెండున్నర చుట్లు పైనే కొట్టేస్తది. నిమిషం తేడాకే 470 కిలోమీటర్లు. ఆ గీత అంతా "ఇందులో ఎక్కడైనా" అని, అంతేగానీ మన ఇంటి మీద అని కాదు.

పెద్దపల్లి_బాబాయ్: 1979లో స్కైలాబ్, అదే అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం, పడేటప్పుడు మా ఊళ్ళో ఎట్లాగూ పోతాం కదా అని కోళ్ళూ మేకలూ అన్నీ కోసుకు తినేసిన్రు. అది 77 టన్నులు, నాసా వాళ్ళు దాన్ని కావాలని పల్టీలు కొట్టించి సముద్రంల పడేద్దామని చూస్తే అనుకున్నదానికన్నా ఆలస్యంగా ముక్కలైంది, పోయి ఆస్ట్రేలియాల ఎస్పెరాన్స్ దిక్కు పడ్డది. ఆ ఊరోళ్ళు చెత్త పడేసినందుకు 400 డాలర్లు ఫైన్ కూడా రాసిన్రు 😄

సూళ్ళూరుపేట_చుక్కలు: బాబాయ్ 😂 సరే అన్నా, పడ్డాకైనా తెలిసిందా మరి?

టీఎల్ఈ_పిచ్చోడు: పక్కాగా లేదు. మన టైం 11:34కి జర్మనీ రాడార్‌కి కనిపించింది, తర్వాత చుట్టులో 1:02కి రావాలి, రాలే. ఆ మధ్యలోనే పడిందన్నమాట. రష్యా వాళ్ళు 11:54 అన్నారు, అండమాన్‌కి పడమరగా 560 కిలోమీటర్ల దూరంలో వాతావరణంలోకి దిగి, జకార్తాకి పడమరన హిందూ మహాసముద్రంలో పడిందని, కానీ కళ్ళారా చూసినోళ్ళు లేరు. ఇంధనం మిగిలుంటే వేరే కథ, మీ షార్ (శ్రీహరికోట) నుంచి 2011లో వెళ్ళిన మేఘా ట్రాపిక్స్ ఉపగ్రహాన్ని ఇస్రో 2023 మార్చి 7న ఇంజన్లు మండించి పసిఫిక్‌లో కావాలనుకున్న చోటే దింపింది. ఈసారి సైట్ చూసేటప్పుడు పడే టైం కాదు, ముందు ఆ డేటా ఎప్పటిదో చూడు, నిన్నటి టీఎల్ఈతో (అంటే కక్ష్య వివరాలుండే రెండు లైన్ల డేటాతో) ఇవాళ్టి టైం వేసే సైట్లే ఎక్కువ.