పెరట్లో తోక వణికించే పిట్ట నూకలు ముట్టడం లేదు, ఏం పెట్టాలి?

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి):
దసరా వెళ్ళిన రెండు వారాల నుంచి మా పెరట్లోకి రెండు కొత్త పిట్టలు వస్తున్నాయి. ఒకటి పిచ్చుకంత ఉంటుంది. ప్రహరీ మీద వాలగానే ఒకసారి తల వంచి, ఇటుక రంగు తోకను చలిపట్టినట్టు వణికిస్తుంది. దానికి జ్వరమేమోనని మా అమ్మ దిగులు పడుతున్నది. రెండోది గోరింట పొదలో ఉండి, నాలుక చప్పరించినట్టు "చెక్, చెక్" అంటుందే తప్ప బయటికి రాదు. మూకుట్లో నూకలు పోసి పెడితే పావురాలే తిని పోతున్నాయి. ఇవి ఏ పిట్టలు, వీటికి ఏం పెట్టాలి?

జవాబు (నల్లగొండ నుంచి):
ఆ వణుకు రోగం కాదు, దాని నైజమే అని అమ్మగారికి చెప్పండి. అది బ్లాక్ రెడ్‌స్టార్ట్. ఉర్దూలో థిర్‌థిరా అనే పేరు ఆ వణుకు వల్లే వచ్చింది, నూనెబుడ్డిగాడు అనే పాత తెలుగు పేరూ ఉంది. మగదానికి తల, రొమ్ము నలుపు, పొట్ట ఇటుక రంగు. ఆడది మట్టి రంగులో ఉంటుంది గానీ తోక చూస్తే పోల్చుకోవచ్చు. వేసవిలో హిమాలయాల ఎత్తైన రాళ్ళ నేలల్లో, టిబెట్ వైపు పిల్లలను పెంచి, అక్కడ మంచు పడి పురుగు దొరకని వేళకు మన వైపు దిగుతుంది. చీమలు, సాలెపురుగులు దాని తిండి కాబట్టి నూకలు ముట్టదు. మూకుట్లో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, పిల్లి దూకలేని చోట పెట్టండి, చాలు.

జవాబు (దేవరకొండ నుంచి):
పొదలోది బ్లైత్ రీడ్ వార్బ్లర్ కావచ్చు. పది పన్నెండు గ్రాముల బరువుతో, ఎక్కువగా రాత్రిపూట ఎగురుతూ, రష్యా వైపు నుంచి వచ్చే పిట్ట అది. అయితే "చెక్" అనే పిట్టలు ఒకటి రెండు కావు, కాబట్టి కంటితో చూసేదాకా పేరు ఖాయం చేయవద్దని నా అభిప్రాయం. పొద్దున్నే ఎండ ఆకుల మీద పడే వేళ కదలకుండా కూర్చుంటే, కంటి పైన పాలిపోయిన చిన్న గీత ఉన్న, మట్టి రంగు సన్నని పిట్ట ఒక్క క్షణం కనబడుతుంది. ఆ పొదకు మందు కొట్టకండి. దాని అన్నం ఆ ఆకుల వెనకే ఉంది.

ప్రశ్న అడిగినవారు:
ఆ పొదను నున్నగా కత్తిరించడానికి రేపు ఒకరిని రమ్మన్నాను. ఇప్పుడే ఫోన్ చేసి, ఉగాది దాటాక చూద్దామని చెప్పాను. అమ్మ మాత్రం థిర్‌థిరాకు చలి వేస్తూనే ఉంటుందని ఇంకా వాదిస్తున్నది.