లెన్స్ డిజైన్ నేర్చుకోవాలంటే ముందు చేతిలెక్కా, సాఫ్ట్‌వేరా?

కోట_జంక్షన్: విజయనగరంలో బీఎస్సీ ఫైనలియర్. లెన్స్ డిజైన్ నేర్చుకుందామనుంది. సీనియరేమో సాఫ్ట్‌వేర్ ఎక్కించేసుకో అంటున్నాడు, మాస్టారేమో ముందు కాగితం మీద కిరణాలు గియ్యమంటున్నారు. ఏది ముందు?

నాగావళి_ఒడ్డు: కాగితమే బాబూ. 100 మిల్లీమీటర్ల నాభ్యంతరంతో ఒక అక్రోమాట్, అంటే రంగులు విడిపోకుండా రెండు గాజులతో చేసే జంట కటకం, చేత్తో వేసి చూడు. గాజు రంగుల్ని ఎంత తక్కువగా విడదీస్తే అబ్బే నంబరు అంత పెద్దది: బీకే7 అనే గాజుకి 64.2, ఎఫ్2 అనే గాజుకి 36.4. ఒక్కో కటకం పవర్‌ని, అంటే ఒకటి బై నాభ్యంతరాన్ని, దాని అబ్బే నంబరుతో భాగించి రెండూ కలిపితే సున్నా రావాలి, అదే షరతు. ముందు కటకం నాభ్యంతరం ప్లస్ 43, వెనకదానిది మైనస్ 76 దగ్గర వస్తాయి. 100 కోసం 43 అంత బలమైనది ఎందుకంటే వెనకది సగానికి పైనే తినేస్తుంది గనక. ఆప్టిమైజ్ బటన్ నొక్కినోడికి ఇది తెలీదు.

తోటపల్లి_కాలవ: అది పారాక్సియల్ లెక్క మాస్టారూ, అక్షానికి దగ్గరి కిరణాలకే సరిపోతుంది, సైన్ తీటా బదులు తీటా వేసేయడమే. 10 డిగ్రీలకి తేడా అర శాతం, 30కి దాదాపు 5 శాతం. గోళీయ విపథనం (అంచు కిరణాలు వేరే చోట కలవడం), కోమా (పక్కనున్న చుక్కకి తోక రావడం) పుట్టేదే ఆ తేడాలో. అన్ని కిరణాలు చేత్తో ఎవరు లాగుతారు?

జీడితోట: ముందు ఏ దూరానికి ప్లస్, దేనికి మైనస్ అనే సంజ్ఞా సంప్రదాయం తేల్చండి. వస్తువు దూరానికి నేను మైనస్ పెట్టానని మా సారు మొత్తం మార్కులు కొట్టేశారు, ఆయనది పాత పద్ధతంట. ఇప్పటికీ మర్చిపోలేదు.

నాగావళి_ఒడ్డు: ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా వదలకపోతే చాలండి. తోటపల్లి బాబూ, ఎక్కాలు రాకుండా కాలిక్యులేటర్ పట్టుకున్నట్టుంటుంది నువ్వు చెప్పేది.

తోటపల్లి_కాలవ: ఏటండీ ఎక్కాలు? మా కాలేజీలో ఆప్టికల్ బెంచి బీరువాలో ఉండేది, ఇన్‌స్పెక్షన్ రోజున తాళం తీసేవారు. మూడేళ్లలో కటకం ముట్టుకోనివ్వలేదు గానీ కటక తయారీ సూత్రం మాత్రం పాతికసార్లు రాయించారు. కిరణం వంగడం నేను మొదట చూసింది సాఫ్ట్‌వేర్‌లోనే, రాత్రి రెండింటికి, వక్రత మారుస్తుంటే ఫోకస్ జరుగుతోంది, నిద్ర పట్టలేదు. దాన్ని బటన్ నొక్కడం అంటే నాకు కోపం రాదా?

జీడితోట: మైనస్ సంగతి ఇంకా తేలలేదు.

అరసవల్లి_వీధి: మార్చిలో, అక్టోబరులో మా అరసవల్లి గుడిలో సూర్యనారాయణ స్వామి పాదాల మీద కిరణం పడటం చూసే నాకీ సబ్జెక్టు ఇష్టమైంది. ముందు చూడనివ్వండి పిల్లల్ని.

నాగావళి_ఒడ్డు: బాబూ, అలాంటి బీరువా తాళం చాన్నాళ్లు నా దగ్గరే ఉండేది. పగిలితే జీతంలో కోస్తారని భయం. నువ్వన్నది నాకు తగిలింది. కాగితం మాట మాత్రం వెనక్కి తీసుకోను, అందులో కటకం కూడా కలుపుతున్నాను.

కోట_జంక్షన్: 50 మిల్లీమీటర్ల వెడల్పు, 100 నాభ్యంతరం ఉన్న ప్లానో కాన్వెక్స్ (ఒక వైపు చదును, ఒక వైపు ఉబ్బు) కటకం కొని మేడెక్కాను. చదును వైపు సూర్యుడికి పెడితే గచ్చు మీద చుక్క చుట్టూ పెద్ద మసక. ఉబ్బు వైపు తిప్పాను, మసక చాలా తగ్గింది. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ గనక బొమ్మ 0.9 మిల్లీమీటర్లు రావాలి. తిప్పితే ఎందుకు తగ్గింది?

తోటపల్లి_కాలవ: వంపుని రెండు ముఖాలూ పంచుకున్నాయి తమ్ముడూ. చదును ముందుంటే అక్కడ కిరణం వంగదు, భారమంతా వెనక ముఖం మీదే. గాజు బీకే7 అనుకుని ఉబ్బు ముఖం వ్యాసార్ధం 51.7 మిల్లీమీటర్లు వేసి సాఫ్ట్‌వేర్‌లో రెండు వైపులా నడిపి చూడు.

నాగావళి_ఒడ్డు: నడిపే ముందు అంచు కిరణం ఒక్కటి చేత్తో వెయ్యి.