మోకాలికి ఎమ్మారై: ఉన్నచోటే తీయించుకోవాలా, ఇంటికెళ్ళేదాకా ఆగాలా?

కుంటిగుర్రం:
అందరికీ నమస్కారం. పరాయి దేశంలో ఉద్యోగం, వచ్చి రెండేళ్ళయింది. తొమ్మిది రోజుల క్రితం ఫుట్‌బాల్ ఆడుతుంటే పాదం నేలకి అతుక్కున్నట్టు ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం పక్కకి తిరిగింది. మోకాల్లో పటుక్కుమంది. రెండు గంటల్లో బంతిలా ఉబ్బింది. ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీసి ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. బ్రేస్ కట్టి, ఎమ్మారై తీయించుకోమని చీటీ చేతిలో పెట్టి పంపించారు. అదే ఆసుపత్రిలో ఖర్చెంతని అడిగితే వాళ్ళు చెప్పిన అంకె నా నెల జీతంలో పెద్ద ముక్క. బీమా ఉంది, కానీ డిడక్టిబుల్ (బీమా వాళ్ళు ఇవ్వడం మొదలుపెట్టే ముందు మనం సొంతంగా కట్టాల్సిన మొత్తం) ఇంకా దాటలేదు కాబట్టి దాదాపు మొత్తం నా జేబులోంచే.

నాలుగు నెలల్లో ఇంటికి వెళ్ళే టికెట్ ముందే కొనుక్కున్నాను. అక్కడ ఇదే స్కాన్ ఇక్కడి ఖర్చులో చిన్న వంతుకే అయిపోతుంది. అన్నయ్య "ఆగు, వచ్చాక చేయిద్దాం" అంటాడు. రూమ్మేట్ "కాలితో పరాచికాలా" అంటాడు. నేనుండే దేశం పేరు కావాలనే రాయట్లేదు. ఇక్కడ తలా ఒక దేశంలో ఉన్నారు, ఎవరికైనా పనికొచ్చేలా మాట్లాడుకుందాం.

లెక్కలమాస్టారు:
ఆ అంకె విని దడుచుకోకండి, మీరు అడిగిన చోటు అలాంటిది. పెద్దాసుపత్రి లోపల ఉండే స్కాన్ విభాగం తన ఖర్చే కాదు, పగలూ రాత్రీ నడిచే ఎమర్జెన్సీ బరువు కూడా మోస్తుంది. ఆ భారం మీ బిల్లులో కనబడుతుంది. బయట విడిగా స్కాన్ సెంటర్లు ఉంటాయి. అదే టెస్లా (అయస్కాంతం బలాన్ని కొలిచే ప్రమాణం) మిషన్, అదే మోకాలు, బిల్లు మాత్రం బాగా తక్కువ. చీటీ మీద ఫలానా చోటే తీయించాలని రాసి ఉండకపోతే ఎక్కడైనా తీయించుకోవచ్చు.

ఫోన్ చేసినప్పుడు రెండు ధరలు అడగండి: బీమా ద్వారా అయితే ఎంత, సొంత డబ్బు కడితే ఎంత. సొంతంగా కట్టేదే తక్కువ అవడం నేను చాలాసార్లు చూశాను. కానీ ఇక్కడొక మెలిక ఉంది. అలా కట్టింది చాలా పాలసీల్లో డిడక్టిబుల్ లెక్కలోకి రాదు. ఈ పాలసీ సంవత్సరంలోనే ఆపరేషన్ అవసరం పడేలా ఉంటే, కాస్త ఎక్కువైనా బీమా ద్వారా కట్టడమే లాభం.

ఇంకోటి. స్కాన్ తీసినందుకు ఒక బిల్లు, దాన్ని రేడియాలజిస్టు చదివినందుకు ఇంకో బిల్లు పంపే చోట్లు ఉన్నాయి. "రిపోర్టుతో కలిపి మొత్తం ఎంత" అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నోటి మాట నమ్మొద్దు.

నిదానం:
మాస్టారూ, ఎక్కడ చౌకో చెప్పారు గానీ అసలు ఇప్పుడు ఎందుకో చెప్పలేదు. లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ) తెగిందనే అనుకుందాం. ఏ సర్జనూ రేపే కోయడు. వాపు తగ్గాలి, కాలు పూర్తిగా చాపగలగాలి, తొడ కండ తిరిగి పని చేయాలి. తొందరపడి కోస్తే కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. అంటే ఎలాగూ కొన్ని వారాలు వ్యాయామమే.

స్వీడన్‌లో 121 మంది ఆటలాడే యువతీ యువకుల్ని తీసుకుని, సగం మందికి ముందే ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్) ఆపరేషన్ చేశారు. మిగతావాళ్ళకి ముందు వ్యాయామం, కావాలంటే తర్వాత ఆపరేషన్ అన్నారు. 2010లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ళకి రెండు గుంపుల మోకాళ్ళ స్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫిన్లండ్ వాళ్ళదయితే ఇంకా తమాషా. 2013లో, చిరిగిన మెనిస్కస్‌ని (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) కత్తిరించిన వాళ్ళనీ, లోపల కెమెరాతో చూసి ఏమీ కత్తిరించకుండా ఉత్తుత్తి ఆపరేషన్ చేసిన వాళ్ళనీ ఏడాది తర్వాత పోలిస్తే ఇద్దరూ ఒకేలా ఉన్నారు. స్కాన్ రిపోర్టు చేతికొచ్చిందంటే కత్తి దాని వెంటే వస్తుంది. నాలుగు నెలలు ఫిజియో చేసుకుని, ఇంటికెళ్ళి, నిమ్మళంగా తీయించుకోండి.

లెక్కలమాస్టారు:
నిదానం గారూ, సగం చెప్పి ఆపేశారు. ఫిన్లండ్ వాళ్ళు చూసింది 35 నుంచి 65 ఏళ్ళ వాళ్ళలో అరిగి చిరిగిన మెనిస్కస్. ఆటలో పటుక్కుమన్న మోకాలికి దాన్ని అంటగట్టకూడదు. ఇక స్వీడన్ సంగతి. ఆగుదామన్న గుంపులో ఐదేళ్ళు తిరిగేసరికి దాదాపు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పరిశోధనలో చేరిన వాళ్ళందరికీ మొదట్లోనే ఎమ్మారై తీశారు. ఆగినవాళ్ళు ఏం తెగిందో తెలిసి ఆగారు. మీరు ఈయన్ని తెలియకుండా ఆగమంటున్నారు.

నిదానం:
పరిశోధన కోసం తీశారు, వైద్యం కోసం కాదు. పైగా అక్కడ ఎవరూ నెల జీతం పెట్టలేదు.

ఫిజియోఅక్క:
మీరిద్దరూ కాగితాలతో కొట్టుకుంటున్నారు, ఆ మోకాలిని చేత్తో పట్టుకుని చూసినవాళ్ళు ఇంతవరకూ ఎవరైనా ఉన్నారా?

తమ్ముడూ, గంట రెండు గంటల్లో అంత వాపు వచ్చిందంటే కీలు లోపల రక్తం చేరి ఉంటుంది. పటుక్కుమనడం, ఆ వాపు, రెండూ కలిస్తే మేం మొదట అనుమానించేది ఏసీఎల్‌నే. దాన్ని పట్టుకోవడానికి లాక్‌మన్ పరీక్ష ఉంది. మోకాలు 20 నుంచి 30 డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, ఇంకో చేత్తో కింది కాలుని ముందుకి లాగుతాం. లిగమెంట్ ఉంటే గట్టిగా ఆగుతుంది. తెగితే ఆ ఆగడం ఉండదు, మెత్తగా జారుతూ వస్తుంది. అనుభవం ఉన్న చెయ్యి ఇందులో అరుదుగా పొరబడుతుంది. మొదటి రోజు నొప్పికి కండలన్నీ బిగదీసుకుంటాయి కాబట్టి ఎమర్జెన్సీలో సరిగ్గా తెలియదు. పదో రోజుకి మళ్ళీ చూపించుకుంటే తెలుస్తుంది. ఆ ఒక్క సంప్రదింపు ఖర్చు స్కాన్ ఖర్చులో చాలా చిన్న భాగం.

ఎక్స్‌రే తీయడం మాత్రం తప్పేం కాదు. కెనడాలో ఒట్టావా వైద్యులు 1995లో మోకాలికి ఒక నియమం పెట్టారు. 55 ఏళ్ళు, ఆపైన వయసున్నా, చిప్ప మీదే నొప్పి ఉన్నా, బయటి పక్క ఫిబ్యులా (కింది కాలి సన్న ఎముక) తల నొక్కితే నొప్పెట్టినా, 90 డిగ్రీలు వంచలేకపోయినా, నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. ఇవేవీ లేకపోతే అక్కర్లేదు.

నాకు ఒక్క జవాబు కావాలి. పడుకుని మడమ కింద దిండు పెట్టుకుంటే, మోకాలు పూర్తిగా తిన్నగా అవుతోందా?

కుంటిగుర్రం:
లేదక్కా. వాపు సగం తగ్గింది గానీ చివర్లో కొంచెం రావట్లేదు. ఏదో అడ్డం పడినట్టు ఉంటుంది. అలవాటైతే వస్తుందిలే అనుకున్నాను.

ఫిజియోఅక్క:
అయితే నాలుగు నెలల మాట మర్చిపోండి. మెనిస్కస్ నిలువునా చిరిగి, ఆ ముక్క బకెట్ పిడిలా కీలు మధ్యలోకి మడత పడితే మోకాలు ఇలాగే అడ్డుపడుతుంది. దాన్ని కుట్టగలిగే అవకాశం రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఉత్త వాపు వల్లా, తెగిన ఏసీఎల్ మొండి కొస అడ్డం రావడం వల్లా కూడా ఇలా ఉండొచ్చు. ఏదన్నది చేత్తో నేను తేల్చలేను, ఇక్కడ రాతల్లో అసలే తేల్చలేను. ఈ వారంలో ఎముకల డాక్టరుకి చూపించుకోండి. స్కాన్ అడగాల్సింది ఇలాంటప్పుడే.

మణికట్టు:
నేను ఆగి చెడిపోయిన మనిషిని కాబట్టి రెండు ముక్కలు. చేతి మీద పడ్డాను, బొటనవేలి మొదట్లో గుంటలో నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. పది, పద్నాలుగు రోజులకి మళ్ళీ తీయించుకోమన్నారు, నొప్పి ఓర్చుకోగలుగుతున్నానని ఖర్చు మిగుల్చుకున్నాను. స్కఫాయిడ్ ఎముక (మణికట్టులో బొటనవేలి వైపు ఉండే చిన్న ఎముక) విరిగితే మొదటి ఎక్స్‌రేలో దొరక్కపోవడం మామూలేనట. దానికి రక్తం ఒక కొస నుంచి వస్తుంది, విరిగి వదిలేస్తే రెండో కొస చచ్చుబడుతుంది. ఇంటికెళ్ళాక స్కాన్ చౌకగానే అయింది. తర్వాతి ఆపరేషన్ చౌకగా కాలేదు.

వెన్నుపూస:
దీనికి పూర్తిగా ఎదురు అనుభవం నాది. బరువెత్తితే నడుం పట్టేసింది, నాలుగో రోజే డబ్బు పోసి ఎమ్మారై తీయించాను. "రెండు చోట్ల డిస్క్ ఉబ్బింది, అరిగింది" అని రాశారు. ఏడాదిపాటు వంగాలంటే భయం. తర్వాత ఒక డాక్టరు చెప్పారు: నొప్పే లేని మూడు వేల పైచిలుకు మంది స్కాన్లని కలిపి చూసి 2015లో ఒక సమీక్ష వేశారట. 20 ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది, 80 ఏళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి. అంటే నా నొప్పికీ ఆ రాతకీ సంబంధం లేకపోవచ్చు. ఆరు వారాల్లో దానంతటదే తగ్గేది. నడుం విషయంలో వెంటనే పరిగెత్తాల్సినవి వేరు: మూత్రం, మలం మీద పట్టు పోవడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు పడిపోవడం. అవి ఉంటే ధర అడగకుండా వెళ్ళాలి.

నిదానం:
నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే కదా.

మణికట్టు:
మీరు చెప్పింది నడుముకి. ఆయనది మోకాలు. నాది చెయ్యి. అన్నిటికీ ఒకటే మందా?

వరుసలో_ఉన్నాను:
ప్రభుత్వ వైద్యం ఉన్న దేశంలో ఉన్నాను. మాకు ధర కాదు, క్యూ సమస్య. సర్జన్ దగ్గర మన వరుస పోగొట్టుకోకుండా, స్కాన్ ఒక్కటీ ప్రైవేటుగా డబ్బు కట్టి తీయించుకుని ఆ ఫైళ్ళు వాళ్ళకే ఇచ్చాను, తీసుకున్నారు. ముందే అడిగి వెళ్ళడం మంచిది. ఇంకో సంగతి: దెబ్బ పనిలో తగిలినా, రోడ్డు ప్రమాదంలో తగిలినా ఖర్చు పెట్టుకోవాల్సింది మీరు కాకపోవచ్చు. జేబులో చెయ్యి పెట్టే ముందు అది చూసుకోండి.

ఎక్స్‌రేబాబాయి:
పాతికేళ్ళుగా ఈ మిషన్ల దగ్గరే ఉంటున్నాను, మొదట్నుంచీ చదువుతూ ఊరుకున్నాను. తీయించాలా వద్దా అన్నది మీ డాక్టరు పని. తీయించేటట్టయితే డబ్బు ఎక్కడ వృథా అవుతుందో చెబుతాను.

మూడు టెస్లాల మిషన్ అని ఎక్కువ వసూలు చేస్తారు. ఏసీఎల్, మెనిస్కస్ చూడ్డానికి 1.5 టెస్లా శుభ్రంగా సరిపోతుంది. అలాగని మరీ కిందికి దిగకండి. ఇరుకంటే భయపడే వాళ్ళ కోసం పక్కలు తెరిచి ఉండే పాత మిషన్లలో అయస్కాంతం బలం చాలా తక్కువ, చిన్న చిరుగులు మసగ్గా పోతాయి. ఆ బొమ్మ చూసి సర్జన్ మళ్ళీ తీయించమంటే చౌక కాస్తా రెట్టింపు అవుతుంది. మామూలు మోకాలి దెబ్బకి గాడోలినియం (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) ఇంజెక్షన్ అక్కర్లేదు. ఎవరైనా దాన్ని కలిపి ధర చెబితే ఎందుకని అడగండి. అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టమని సలహా ఇచ్చేవాళ్ళు కూడా ఉంటారు. మడమ వెనక స్నాయువు (కండని ఎముకకి కలిపే తాడు) తెగినా, భుజం కండరాలకైనా అది భేషుగ్గా పనికొస్తుంది, చౌక కూడా. మోకాలు లోపలి లిగమెంట్లకి మాత్రం ఎముక అడ్డం, ఆ శబ్దం అక్కడిదాకా పోదు. సీటీ స్కాన్ ఎముక ముక్కలు లెక్కపెట్టడానికి. ఎమ్మారైలో ఎక్స్‌రే లాంటి రేడియేషన్ లేదు, అరగంట కదలకుండా పడుకోవాలి.

నా ఉద్యోగంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. జనం స్కాన్ తీయించుకుని రెండు ఫిల్ములు, ఒక కాగితం పట్టుకుపోతారు. ఇంకో దేశపు సర్జన్‌కి ఆ ఫిల్ము ఫోన్‌తో ఫొటో తీసి పంపుతారు. ఆయన ఏం చూస్తాడు? డైకామ్ ఫైళ్ళు (స్కాన్ బొమ్మల అసలు కంప్యూటర్ ఫైళ్ళు) అడగండి, సీడీలోనో లింకుగానో. 1993 నుంచి ప్రపంచమంతా వాడే పద్ధతి అది, ఏ దేశంలో తీసినా ఏ దేశంలోనైనా తెరుచుకుంటుంది. అందులో వందల పొరలుంటాయి, ముందుకీ వెనక్కీ జరిపి చూడొచ్చు. రిపోర్టు మీ సర్జన్ చదవగలిగే భాషలో అడగండి. కండరాలు, ఎముకలే చదివే రేడియాలజిస్టు ఉన్న సెంటర్ దొరికితే ఇంకాస్త దూరమైనా వెళ్ళండి. అక్కడ ఖర్చు పెడితే దండగ కాదు.

కుంటిగుర్రం:
మూడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను, క్షమించండి. అక్క చెప్పినట్టు ఎముకల డాక్టరుకి చూపించుకున్నాను. లాక్‌మన్ మెత్తగా జారింది. తిన్నగా రావట్లేదు కాబట్టి స్కాన్ కావాలన్నారు. నాలుగు చోట్లకి ఫోన్ చేశాను. నాలుగింటిలో చౌకైనదానికీ ఆసుపత్రికీ తేడా వింటే నవ్వొచ్చింది, ఆసుపత్రి వాళ్ళు అడిగిన దాంట్లో నాలుగో వంతు కూడా లేదు. 1.5 టెస్లా. ఏసీఎల్ పూర్తిగా తెగింది. మెనిస్కస్ రెండూ బాగున్నాయి. తెగిన మొండి కొసే అడ్డం పడుతోందట. ఇప్పటికి దాదాపు తిన్నగా వచ్చింది. ఆపరేషన్‌కి తొందర లేదు, వ్యాయామం చేస్తూ ఉండమన్నారు. ఇంటికెళ్ళాక అక్కడి సర్జన్‌తో మాట్లాడి అప్పుడు చూస్తాను. ఫైళ్ళు ముందే పంపేశాను.

నిదానం:
మరి నేనేం చెప్పాను? వ్యాయామం, ఆ తర్వాత ఇల్లు. స్కాన్ తర్వాత కూడా అదే దారి. ఆ డబ్బు మిగిలేది.

లెక్కలమాస్టారు:
జవాబు చూసుకున్నాక ప్రశ్న అక్కర్లేదనడం మీకే చెల్లింది. ఆ ముక్క మెనిస్కస్‌దే అయ్యుంటే?

నిదానం:
కాలేదుగా.

ఫిజియోఅక్క:
తమ్ముడూ, వాళ్ళని వదిలేయండి. వెళ్ళేటప్పుడు విమానంలో నడవ పక్క సీటు తీసుకోండి. కాలి దెబ్బ ఉన్నవాళ్ళకి దూర ప్రయాణాల్లో పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, బ్రేస్ బిగించి కూర్చుంటే మరీను. బయల్దేరే ముందు డాక్టర్ని అడగండి.

కుంటిగుర్రం:
అలాగే అక్కా. మాస్టారూ, ఒక్క సందేహం. నిన్న పోస్టులో ఇంకో బిల్లు వచ్చింది, "స్కాన్ పఠన రుసుము" అని. సెంటర్ వాళ్ళు అన్నీ కలిపే అన్నారే?

లెక్కలమాస్టారు:
రాతలో ఉందా?

కుంటిగుర్రం:
ఫోన్లో చెప్పారండీ.