ఈ వారం సమస్య: "కాకి నాటినట్టి కాన యిదియె"

నిర్వాహకుడు: ఆటవెలది, నాలుగో పాదం ఇచ్చాను, మొదటి మూడూ మీరు పూరించాలి. సందర్భం: వేసవి చివర్లో కొండ మీద పిట్టల్ని, అడవి పూలని చూస్తూ గడిపిన రోజు. ఏ దేశపు కొండైనా సరే. కాకి అడవిని ఎలా నాటిందో మొదటి మూడు పాదాల్లోనే తేలాలి. కింద వివరణ రాసి గట్టెక్కడం కుదరదు.

చింతచిగురు:

వేపపండు తిన్న వేసవి కాకమ్మ
గింజ లుమిసె నెండు గిరులమీద
వానచినుకు పడగ వనమయ్యె వేపలు
కాకి నాటినట్టి కాన యిదియె

నిర్వాహకుడు: యతులన్నీ కుదిరాయి. మన గట్ల మీద ఎవరూ నాటని వేపలు ఇలా మొలిచినవే చాలా ఉంటాయి. ఒకటే పేచీ: ఉమిసిన దాన్ని "నాటినట్టి" అనగలమా? సమస్యలో గట్టి మాట అదే. పైగా పూల ఊసే లేదు.

గోరింక:

నీలి లూపి నొకట నిప్పుపూ లొకచోట
తెల్ల మంచు పక్క తెల్ల లిల్లి
చూచి మురిసి పోవ చుట్టును పైనులే
కాకి నాటినట్టి కాన యిదియె

నిప్పుపూలు అంటే పెయింట్‌బ్రష్ అనే ఎర్రటి అడవిపూలు, లూపిన్ నీలి పూల మొక్క, పైన్ దేవదారు లాంటి చెట్టు అండి.

నిర్వాహకుడు: బొమ్మ బాగుంది, పూరణ కాలేదు. మూడు పాదాలూ పూలు చూపించి, నాలుగో పాదంలో కాకి ఎక్కడి నుంచో వచ్చి వాలింది.

కొండగాలి: గోరింక గారూ, "నిప్పుపూలు" నాకు తెగ నచ్చింది. ఆ ఎరుపు నిజానికి రేకులది కాదు, పువ్వును చుట్టుకున్న ఆకులది. ఇంకో సంగతి, ఈ మొక్క వేళ్లు పక్క మొక్కల వేళ్లలోంచి కొంత పోషణ లాక్కుంటాయి. లూపిన్ దానికి ఇష్టమైన పొరుగు. కాబట్టి "ఒకట, ఒకచోట" అని విడదీయకుండా "నీలి లూపిను దరి నిప్పుపూ లొక్కటై" అంటే గణాలూ సరిపోతాయి, నిజమూ దక్కుతుంది.

పిల్లకాలువ: కాస్త సరదాగా...

వనవిభాగమందు వాచరు తాతయ్య
మొక్క తెచ్చి కొండ మొదట నాటె
ఊరివారు పిలుతు రుడుపుల రంగుతో
కాకి నాటినట్టి కాన యిదియె

నిర్వాహకుడు: నవ్వించారు. ఇక్కడ "నాటినట్టి" నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ బట్టలు ఖాకీ. ఖ అని రాసినా యతి చెడదు, ఇచ్చిన పాదంలో అక్షరం మాత్రం మారిపోతుంది. సగం మార్కులు.

కొండగాలి: అమెరికాలో మా సియాటిల్ వైపు రెయినియర్ పర్వతం మీద, సన్‌రైజ్ అనే చోట చూసినది రాస్తున్నాను. ఆ చోటి ఎత్తు 6,400 అడుగులు.

నాలుకడుగు సంచి నలువైపు గింజలు
నింపి మంటి లోన నిలువ జేసి
మరచినట్టి వన్ని మంచులో మొలకెత్తె
కాకి నాటినట్టి కాన యిదియె

పిట్ట పేరు క్లార్క్స్ నట్‌క్రాకర్. బూడిద రంగు ఒళ్లు, నల్ల రెక్కలు. కాకి కుటుంబమే. వైట్‌బార్క్ పైన్ అనే కొండచెట్టు కాయ తనంతట తాను విచ్చుకోదు, గింజకు గాలిలో ఎగిరే రెక్క కూడా లేదు. వేసవి చివర్లో ఈ పిట్ట కాయ చీల్చి, గింజల్ని నాలుక కింది సంచిలో నింపుకుని పోయి, ముక్కుతో మట్టిలో పాతిపెడుతుంది. ఆ చెట్టు సంతానం దాదాపు పూర్తిగా దీని చేతిలోనే ఉంది.

నిర్వాహకుడు: ఇదీ నాటడమంటే! వివరణ చదవకపోయినా పద్యం నిలబడుతోంది. "నిలువ జేసి" ఇంట్లో మాటలా హాయిగా ఉంది. "నాలుకడుగు" మాత్రం కాకి నాలుక కడుక్కున్నట్టు వినిపిస్తోంది. "నాల్క కింది సంచి" అనండి, గణాలు సరిపోతాయి. మంచులో మొలకెత్తడం కూడా ఒప్పుకోను. కరగాలి కదా.

చింతచిగురు: నాకు "మరచినట్టి" దగ్గరే అనుమానం. ఆ పిట్ట పాతిన చోట్లు నెలల తరబడి గుర్తుపెట్టుకుంటుందని, మంచు తవ్వి మరీ తీసుకుంటుందని చదివాను. మొలిచేవి తిన్నాక మిగిలినవి కూడా కావచ్చు. "మిగిలినట్టి" అంటే?

కొండగాలి: అర్థానికి అదే సరైనది. కానీ మి-మం యతి తప్పుతుంది.

చింతచిగురు: అయితే "మంచు"నే వదిలేయండి: "మిగిలినట్టి గింజ మెల్లగా మొలకెత్తె". మి-మె కుదిరింది.

కొండగాలి: అబ్బ! ఆ గింజలు కొన్ని ఒకటి రెండేళ్లు మట్టిలోనే ఉండి మొలుస్తాయి. "మెల్లగా" యతి కోసం వచ్చి నిజం చెప్పింది.

గోరింక: ఆ చెట్లు ఇప్పుడు ఎలా ఉన్నాయండి?

కొండగాలి: బాగాలేవు. బయటి నుంచి వచ్చిన ఒక తుప్పు తెగులు, బెరడు పురుగు, కార్చిచ్చులు కలిసి దెబ్బతీశాయి. 2022లో అమెరికా ప్రభుత్వం వైట్‌బార్క్ పైన్‌ని ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చింది.

నిర్వాహకుడు: సవరించిన రూపంలో కొండగాలి గారి పద్యానికి మొదటి స్థానం, మూడో పాదం చింతచిగురు గారి ఖాతాలో. వచ్చే వారం సమస్య, మళ్లీ ఆటవెలది నాలుగో పాదమే: "మంచు కరగి పూలు మండసాగె". నిప్పుపూలు గోరింక గారు వాడేశారు కాబట్టి ఇంకో దారి వెతకండి. ఖాకీలు వద్దు.