ఒహాయో ప్రముఖుల పట్టిక: ఎవరిని ఆ రాష్ట్రం వాళ్ళుగా లెక్కేయాలి?

కొర్లగుంట సోషల్ టీచర్ (తిరుపతి)

అందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతి ఎగ్జిబిషన్‌కి సెక్షన్‌కొక అమెరికా రాష్ట్రం పంచారు, మా సెక్షన్‌కి ఒహాయో వచ్చింది. రెండు చార్టులు, పన్నెండు మంది ప్రముఖులు, చివర్లో చిన్న క్విజ్. పేర్లకు కొదవలేదు, తగాదా అంతా లెక్క దగ్గరే.

అధ్యక్షులు ఏడుగురని కొందరు, ఎనిమిదిమందని కొందరు. ఎడిసన్‌ది న్యూజెర్సీ అని ఒక జట్టు కొట్టేసింది. రైట్ సోదరుల్లో పెద్దాయన పుట్టింది ఇండియానాలో అని ఇంకో జట్టు పట్టుబట్టింది. అధ్యక్షుడు హేస్ 'డెలావేర్‌లో' పుట్టాడని రాసుంటే, అది వేరే రాష్ట్రం కదా అని ఆయన్నీ తీసేశారు. ఏ లెక్కన తేల్చాలి? జడ్జీలు అడిగితే పిల్లలు నిలబడి జవాబు చెప్పేలా ఉండాలి.

కట్టమంచి వాసి (చిత్తూరు)

మేడమ్, ముందు హేస్‌ని వెనక్కి తెచ్చేయండి. రూథర్‌ఫర్డ్ హేస్ పుట్టిన డెలావేర్ ఒహాయోలోనే ఉన్న ఊరు, కొలంబస్‌కి ఉత్తరాన. అదే పేరుతో రాష్ట్రం వేరే ఉంది. ఒహాయోలో ఇట్లాంటి ఊళ్ళు బోలెడు. వ్యోమగామి జాన్ గ్లెన్ పుట్టిన కేంబ్రిడ్జి ఇంగ్లండ్‌ది కాదు, ఎడిసన్ పుట్టిన మిలాన్ ఇటలీది కాదు, అధ్యక్షుడు మెకిన్లీ ఊరు కాంటన్ చైనాది కాదు. మనకు వెంకటగిరి, వెంకటగిరికోట ఉన్నట్టే. ఊరి పక్కన రాష్ట్రం పేరు రాయకపోతే ఎవరైనా బోల్తా పడతారు. చార్టులో 'డెలావేర్ ఊరు, ఒహాయో' అని పూర్తిగా రాయించండి.

ఇక అసలు సంగతి. 'ఫలానా రాష్ట్రం వాడు' అనే మాటలో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. విడదీస్తే తగాదా సగం తీరిపోతుంది. ప్రతి పేరు పక్కనా మూడు గుర్తులు పెట్టించండి: పు, పె, ప. పుట్టింది ఇక్కడా, పెరిగింది ఇక్కడా, పేరు తెచ్చిన పని చేసింది ఇక్కడా అని. మూడింట్లో ఒక్కటన్నా పడితే పట్టికలో ఉండొచ్చు, కానీ ఏది పడిందో కనబడాలి.

మీ పేర్లకే వేసి చూస్తాను.

ఎడిసన్: 1847లో మిలాన్‌లో పుట్టాడు. ఏడేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరన్‌కి వెళ్ళిపోయారు. ఫోనోగ్రాఫు, బల్బు పనులు న్యూజెర్సీలోని మెన్లో పార్కులో జరిగాయి. కాబట్టి ఒహాయోకి 'పు' ఒక్కటే. న్యూజెర్సీ జట్టు చెప్పింది 'ప' వరకు నిజమే. అయినా వాషింగ్టన్‌లోని కాపిటల్ (అమెరికా పార్లమెంటు) భవనంలో ప్రతి రాష్ట్రానికీ ఉండే రెండు విగ్రహాల్లో ఒహాయో 2016లో ఒకటి మార్చి ఎడిసన్‌దే పెట్టించుకుంది. రెండోది గార్‌ఫీల్డ్‌ది.

రైట్ సోదరులు: విల్బర్ 1867లో ఇండియానాలోని మిల్‌విల్ దగ్గర, ఆర్విల్ 1871లో డేటన్‌లో పుట్టారు. సైకిల్ షాపు, విమానం తయారీ అంతా డేటన్‌లోనే. ఆర్విల్‌కి పు, పె, ప మూడూ, విల్బర్‌కి పె, ప. ఇద్దరినీ ఒకే గడిలో పెట్టి 'పు' రాస్తే తప్పవుతుంది.

జెస్సీ ఓవెన్స్: 1913లో అలబామాలోని ఓక్‌విల్‌లో పుట్టాడు, తొమ్మిదేళ్ళకు క్లీవ్‌లాండ్ చేరాడు, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తరఫున పరుగెత్తాడు. పె, ప.

టోనీ మోరిసన్: 1931లో లొరెయిన్‌లో పుట్టి అక్కడే పెరిగింది. 1993లో సాహిత్యానికి నోబెల్. పు, పె. సినిమా దర్శకుడు స్పీల్‌బర్గ్‌ది సిన్సినాటీలో పుట్టుక తప్ప ఒహాయోతో పెద్దగా బంధం లేదు. జాగా చాలకపోతే ముందు ఆయన్నే తీసేయండి.

ఆర్మ్‌స్ట్రాంగ్: 1930లో వాపకొనెటా దగ్గర పుట్టాడు. తండ్రి రాష్ట్ర ప్రభుత్వంలో ఆడిటరు. బదిలీ ఉద్యోగం కాబట్టి ఒహాయోలోనే ఊరూరా తిరిగి, 1944లో మళ్ళీ వాపకొనెటా చేరారు. నాసా పని కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో. 1971 నుంచి 1979 వరకు సిన్సినాటీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు గానీ ఆయనకు పేరు తెచ్చింది అది కాదు. పు, పె.

జాన్ గ్లెన్‌కి మాత్రం మూడూ దర్జాగా పడతాయి. కేంబ్రిడ్జిలో పుట్టుక, న్యూ కాంకర్డ్‌లో పెంపకం, 24 ఏళ్ళు ఒహాయో సెనేటరు.

అధ్యక్షుల లెక్క. ఒహాయోలో పుట్టినవాళ్ళు ఏడుగురు: గ్రాంట్, హేస్, గార్‌ఫీల్డ్, బెంజమిన్ హారిసన్, మెకిన్లీ, టాఫ్ట్, హార్డింగ్. ఎనిమిదో ఆయన బెంజమిన్ తాత విలియం హెన్రీ హారిసన్. ఆయన పుట్టింది వర్జీనియాలో, స్థిరపడింది ఒహాయోలోని నార్త్ బెండ్‌లో. చిక్కు ఎక్కడంటే, పుట్టుక లెక్కన వర్జీనియా కూడా ఎనిమిదిమందిని చెప్పుకుంటుంది, అందులోనూ ఈయనే ఉన్నాడు. రెండు రాష్ట్రాల ఎనిమిదీ కలిపి పదహారు అంటే ఒక మనిషిని రెండుసార్లు లెక్కేసినట్టు. బెంజమిన్‌కి 'పు' ఒహాయోదైనా, లాయరుగా, సెనేటరుగా పేరు తెచ్చుకుంది ఇండియానాలో.

గ్రీమ్స్‌పేట రామన్న

ఇంత తిరకాసు ఎందుకన్నా? ఎక్కడ పుట్టితే అక్కడి వాడు, ఐపోయె. పన్నెండు పేర్లకి ముప్పయ్యారు గుర్తులు పెడితే పిల్లోళ్ళు తికమక పడతారు.

కట్టమంచి వాసి (చిత్తూరు)

అట్లయితే ఓవెన్స్, విల్బర్ ఇద్దరూ బయటికి, స్పీల్‌బర్గ్ లోపలికి. ఒహాయో చార్టు అట్లా ఉంటే చూసినవాళ్ళు ఊరుకుంటారా?

మన జిల్లాలోనే చూడు రామన్నా. చిత్తూరు నాగయ్యగారు పుట్టింది రేపల్లెలో. పుట్టుక ఒక్కటే పట్టుకుంటే పేరులో చిత్తూరు ఉన్న మనిషే చిత్తూరు పట్టికలో ఉండడు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఇక్కడే పుట్టి ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు తొలి వైస్ ఛాన్సలరయ్యారు, ఎడిసన్ మాదిరే పుట్టుక ఒకచోట, పని ఒకచోట. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, తర్వాత తమిళనాడు వైపు పోయింది. హద్దు కదిలితే మనిషి మారతాడా? అమెరికాలోనూ అంతే. అంతర్యుద్ధ సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ 1824లో పుట్టినప్పుడు క్లార్క్స్‌బర్గ్ వర్జీనియాలో ఉంది. 1863లో వెస్ట్ వర్జీనియా విడిపోయాక ఆ ఊరు అటు వెళ్ళింది. ఇట్లాంటి చోట 'అప్పుడు వర్జీనియా, ఇప్పుడు వెస్ట్ వర్జీనియా' అని రెండూ రాయాలి.

భవానీ నగర్ చార్టులు

లెక్క సంగతి పెద్దలు చూసుకుంటారు. చార్టు మీద జరిగే తప్పులు నేను చెప్తా.

తేదీలు: అమెరికా వాళ్ళు నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టినరోజు 8/5/1930 అంటే ఆగస్టు 5, మే 8 కాదు. ఎడిసన్‌ది 2/11/1847. తిరగేసి చదివితే నవంబరు 2 అవుతుంది, తమాషా ఏమంటే అది హార్డింగ్ పుట్టినరోజు. నెలను అంకెతో కాకుండా అక్షరాల్లో రాయించండి. గ్లెన్‌ది 7/18 కాబట్టి దానితో బాధ లేదు, పద్దెనిమిదో నెల ఉండదు గదా.

రైట్ విమానం బొమ్మ: నూటికి తొంభైమంది దీన్ని వెనకముందుగా గీస్తారు. ఇప్పటి విమానానికి చిన్న రెక్కలు తోక దగ్గర ఉంటాయి. 1903 రైట్ ఫ్లయర్‌కి పైకీ కిందకీ తిప్పే చిన్న రెక్కలు ముందు, పంకాలు పెద్ద రెక్కల వెనక, నిలువు చుక్కాని అన్నిటికన్నా వెనక. మన కంటికి అలవాటైన ఆకారానికి ఇది తలకిందులు, అందుకే చెయ్యి తప్పుతుంది. ఒహాయో ప్రభుత్వమే 2021లో కొత్త నంబరు ప్లేటు మీద బ్యానరును విమానం ముందువైపు కట్టేసి, నవ్వులపాలై దిద్దుకుంది. బ్యానరు వేలాడదీస్తే చుక్కాని ఉన్న వైపే కట్టాలి.

ఎగిరిన చోటు: మొదటిసారి ఎగిరింది నార్త్ కరోలినాలోని కిటీ హాక్ దగ్గర, 1903 డిసెంబరు 17న. 12 సెకన్లు, 120 అడుగులు. ఒహాయో పటంలో విమానం బొమ్మ పెట్టి 'ఇక్కడే ఎగిరింది' అని రాస్తే తప్పు. 'ఇక్కడే తయారైంది' అనండి.

పలకడం: ఎడిసన్ ఊరిని అక్కడి వాళ్ళు మైలన్ అంటారు. లీమా అని కనిపించే ఊరు లైమా. పిల్లలు మైకులో చదువుతారు కాబట్టి చెప్పాను.

అక్షరాలు: 22×28 అంగుళాల చార్టు నిలువుగా పెట్టండి. పైన 4 అంగుళాలు శీర్షికకు వదిలితే, రెండు నిలువు వరుసలుగా మూడేసి గడులు, ఒక్కోటి సుమారు 11×8. అంచులు పోను 10×7 మిగుల్తుంది. పేరు అంగుళం ఎత్తు, వివరాలు అరంగుళం. మూడు లైన్లు మించొద్దు. తెలుగుకి కింద వత్తులు వేలాడతాయి, లైన్ల మధ్య కూడా అరంగుళం వదలాలి. లేకపోతే 'స్ట్రాం'లో వత్తు కింది లైను గుడిదీర్ఘంలో చిక్కుకుంటుంది. పు, పె, ప గుర్తుల్ని మూడు రంగుల చుక్కల్లో పెట్టండి, పక్కన అక్షరం కూడా ఉండాలి, వట్టి రంగు మీద ఆధారపడొద్దు.

పలమనేరు క్విజ్

ప్రశ్న వేసే తీరులోనే గొడవ పుడుతుంది. 'ఒహాయో నుంచి ఎంతమంది అధ్యక్షులు?' అంటే రెండు జవాబులూ ఒప్పే. 'ఒహాయోలో పుట్టిన అధ్యక్షులు ఎంతమంది?' అంటే ఏడు ఒక్కటే.

పనికొచ్చే ప్రశ్నలు కొన్ని. తాతా మనవడూ ఇద్దరూ అధ్యక్షులైన కుటుంబం ఏది? హారిసన్. 31 రోజులకే పదవిలో చనిపోయింది ఎవరు? ఆ తాతే, 1841లో. అధ్యక్షుడిగానూ, ఆ తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగానూ పనిచేసిన సిన్సినాటీ మనిషి? టాఫ్ట్. రైట్ ఫ్లయర్ గుడ్డముక్క, పంకా చెక్కముక్క చంద్రుడి దాకా తీసుకెళ్ళింది? ఆర్మ్‌స్ట్రాంగ్. నాకైతే అన్నిట్లోకీ ఇదే ఇష్టం, ఒక్క జవాబులో ముగ్గురు ఒహాయో వాళ్ళ కథలూ కలిసిపోతాయి.

వేయకూడనివి: 'మొదటిసారి భూమి చుట్టూ తిరిగింది ఎవరు?' అని గ్లెన్ కోసం అడగొద్దు. 1961లోనే సోవియట్ వ్యోమగామి గగారిన్ తిరిగాడు. గ్లెన్ 1962 ఫిబ్రవరి 20న మూడు చుట్లు తిరిగిన తొలి అమెరికన్. 'బల్బు కనిపెట్టింది ఎవరు?' కూడా వద్దు. ఎడిసన్‌కి ముందూ బల్బులు వెలిగాయి, ఎక్కువసేపు నిలిచి వాడకానికి పనికొచ్చేదాన్ని ఆయన 1879లో చేశాడు.

గ్రాంట్ పేరు మీద ఒక కొంటె ప్రశ్న వేయొచ్చు. ఆయనకు పెట్టిన పేరు హైరమ్ యులిసిస్. సైనిక కళాశాలలో చేర్చేటప్పుడు 'యులిసిస్ ఎస్' అని పొరపాటున రాశారు, అదే నిలిచిపోయింది. ఓవెన్స్‌దీ అదే తంతు. 'జె.సి.' అని చెబితే టీచరుకి 'జెస్సీ' అని వినబడింది. మన రేషన్ కార్డు తప్పులు వీటి ముందు ఎంత!

కొర్లగుంట సోషల్ టీచర్ (తిరుపతి)

అందరికీ థాంక్సండీ. పు–పె–ప పిల్లలకు బాగా ఎక్కింది. ఇప్పుడు పట్టిక: రైట్ సోదరులు (రెండు గడులు), ఎడిసన్, గ్రాంట్, హేస్, టాఫ్ట్, ఆనీ ఓక్లీ (తుపాకీ గురిలో పేరుమోసినావిడ), ఓవెన్స్, మోరిసన్, గ్లెన్, ఆర్మ్‌స్ట్రాంగ్. పదకొండు. పన్నెండోది టెకమ్సే అంటున్నారు, షానీ అనే అమెరికా ఆదివాసీ తెగ నాయకుడు. ఆయన పుట్టేటప్పటికి ఒహాయో రాష్ట్రమే లేదు కదా, పెట్టొచ్చా?

ఇంకోటి. పక్క సెక్షన్‌కి కాలిఫోర్నియా వచ్చింది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని వాళ్ళు పట్టికలో పెట్టారు. మా వాళ్ళు ఒప్పుకోవట్లేదు.

కట్టమంచి వాసి (చిత్తూరు)

టెకమ్సేని పెట్టండి. ఒహాయో 1803 మార్చి 1న రాష్ట్రమైంది. ఆయన 1768 ప్రాంతంలో పుట్టాడు, చనిపోయింది 1813లో. 'ఇప్పటి ఒహాయో నేల మీద, సుమారు 1768' అని రాయాలి. ఖచ్చితమైన తేదీ ఎవరన్నా తెస్తే నమ్మొద్దు. లాంకాస్టర్‌లో పుట్టిన సేనాని షెర్మన్ పూర్తి పేరులో 'టెకమ్సే' ఈయన పేరే, ఆ ముక్క మూడో లైనుకు సరిపోతుంది.

ఆ 1803 తేదీ మీద జడ్జీలు గుచ్చి అడిగితే ఒక సంగతి తెలిసుండాలి. అప్పట్లో చేర్చుకుంటున్నామని లాంఛనంగా తీర్మానం చేయడం అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) మరిచింది. 1953లో వెనకటి తేదీకి వర్తించేలా చేశారు. దాన్ని పట్టుకుని టాఫ్ట్ అధ్యక్ష పదవికే అర్హుడు కాడని వాదించిన పన్ను ఎగవేతదార్లు ఉన్నారు. కోర్టులు లెక్కచేయలేదు.

కృష్ణమూర్తి సంగతికీ అదే కొలబద్ద. 'పు' మదనపల్లె, 1895. అప్పుడది కడప జిల్లా, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. 1922లో మొదటిసారి కాలిఫోర్నియాలోని ఓహాయ్ లోయకు వెళ్ళి, తర్వాత అక్కడే ఇల్లు చేసుకున్నారు. 1986 ఫిబ్రవరి 17న చనిపోయిందీ అక్కడే. కాబట్టి కాలిఫోర్నియా చార్టులో 'ప' గుర్తుతో ఉండొచ్చు. 'పు' పెడితే మాత్రం మీ పిల్లల్ని ఒప్పుకోనివ్వకండి. ఇంకొక్క మాట: ఓహాయ్, ఒహాయో తెలుగులో రాస్తే దాదాపు ఒకటే. మీ చార్టు చూసినవాళ్ళు ఆయన్ని తెచ్చి మీ పట్టికలో కలిపేయకుండా చూసుకోండి.